కొడుకు సంతకం తెమ్మన్నారు: అడవి నడకకు అనుమతి తెచ్చుకున్న నా అనుభవం

మొన్న శుక్రవారం సాయంత్రం అనుమతి కాగితం చేతికొచ్చింది. ఆదివారం నడిచి వచ్చాం. పిక్కల నొప్పులు ఇంకా తగ్గలేదు, అయినా ఇవాళే రాస్తున్నాను. నాలుగు రోజులు పోతే ఆ కోపం ఇంత సూటిగా రాయలేనేమోనని భయం.

మేం నెల్లూరులో పదకొండు మందిమి. ఏడుగురు ఆడవాళ్ళం, నలుగురు మగవాళ్ళు. రిటైరైన టీచర్లు, ఒక బ్యాంకు ఉద్యోగి, మందుల షాపు ఆయన, ఇద్దరు డిగ్రీ చదివే అమ్మాయిలు ఉన్నారు. నేను ముప్ఫై రెండేళ్ళు హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పాను. మూడేళ్ళుగా ప్రతి ఆదివారం ఎక్కడో ఒకచోట నడుస్తున్నాం. మొదట్లో నరసింహకొండ, కింద పెన్న ఒడ్డు. తర్వాత మైపాడు వైపు సముద్రతీరం. చలికాలంలో తెల్లవారుజామున రైలెక్కి సూళ్లూరుపేట, అక్కణ్ణించి పులికాట్. ఏ పిట్ట, ఎన్నింటికి, ఎక్కడ, ఎవరు చూశారు అన్నీ నోటుబుక్కులో ఎక్కిస్తాం. నాలుగు బుక్కులు నిండాయి. ఇంత ఓపికగా రాసుకునే గుంపు మా జిల్లాలో ఇంకొకటి ఉందని నేననుకోను.

అడవి మీద ఈ మమకారం నాకు అమ్మ నుంచి వచ్చింది. అమ్మ పుట్టింది శ్రీహరికోట దీవిలో. ఒకపక్క పులికాట్ సరస్సు, ఇంకోపక్క బంగాళాఖాతం, నడుమ అడవి. పాలచెట్లు, నేరేళ్ళు, అల్లి పొదలు, పేము తీగలు. ఎండాకాలం పాలపండ్లు ఏరుకుని తింటే పెదాలు జిగురుతో అంటుకుపోయేవని ఇప్పటికీ చెబుతుంది. 1969లో రాకెట్ కేంద్రానికి ఆ దీవిని ఎంచుకున్నారు. 1971 అక్టోబర్ 9న అక్కణ్ణించి మొదటి చిన్న రాకెట్ ఎగిరింది. ఆ రోజుల్లోనే అమ్మవాళ్ళు ఇల్లు వదిలి సూళ్లూరుపేట వచ్చేశారు. మేం ఇప్పుడు అటకానితిప్ప దాకా పోయి, రోడ్డుకి రెండువైపులా నీళ్ళలో నిలబడిన రాజహంసల్ని లెక్కపెట్టుకుని వెనక్కి వస్తాం. పాస్ లేకుండా దీవిలోకి పంపరు. 2019లో రాకెట్ ప్రయోగం చూడడానికి గ్యాలరీ తెరిచాక పేరు నమోదు చేసుకుని ఒకసారి పోయాను. అమ్మ ఆడుకున్న అడవిని కిటికీలోంచే చూశాను. దానికి నాకేం బాధ లేదు. ఆ కట్టడికి కారణం ఉంది, అది అందరికీ ఒకటే. ఆ కట్టడి వల్లే ఆ చెట్లు ఇంకా నిలబడి ఉన్నాయి కూడా.

ఆ అడవి కుదరదు కాబట్టి ఈ ఏడాది వర్షాలు పడ్డాక వెలిగొండల వైపు చూశాం. అక్కడ కొంత రిజర్వు ఫారెస్టు, కొంత పెనుశిల నరసింహ అభయారణ్యం. మీ దారి ఏ భాగంలోకి వస్తుందో ముందే కనుక్కోండి. రిజర్వు ఫారెస్టుకి 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం ఉంది. అభయారణ్యానికి దాంతోపాటు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా వర్తిస్తుంది, అనుమతి పైనుంచి రావాలి. మేం ఎంచుకున్న దారి రిజర్వు ఫారెస్టులోది. ఏ దారో మాత్రం రాయను. ఆ లోయలో ఎర్రచందనం ఉంది.

దరఖాస్తు రాయడం, ఆధార్ జిరాక్సులు, ఫోటోలు, దారి గీసిన మ్యాపు అన్నీ ఒక్క రోజులో అయిపోయాయి. మొదటిసారి అటవీ శాఖ ఆఫీసుకి పోతే సార్ లేరన్నారు. రెండోసారి పోతే ‘ఉద్దేశం’ సరిగ్గా లేదన్నారు. పక్షుల లెక్క అని రాసి ఉంది కదా అంటే, ‘లెక్కపెట్టి ఏం చేస్తారు?’ అని అడిగారు. 1900 తర్వాత ఎవరికీ కనిపించక అంతరించిపోయిందనుకున్న కలివికోడి అనే పిట్ట 1986లో కడప జిల్లాలో మళ్ళీ దొరికిందని, దాన్ని చూపించింది అక్కడి పల్లె మనిషేనని ఒక పేరా రాసి ఇచ్చాను. ఎర్రచందనం ఉన్నచోట కొత్త మనుషుల్ని అనుమానించడం వాళ్ళ పని, అందుకని అంతవరకు ఓర్చుకున్నాను. ఆ చెట్టు సహజంగా పెరిగేది ప్రపంచం మొత్తంలో ముఖ్యంగా మన నెల్లూరు, కడప, చిత్తూరు, కర్నూలు వైపు కొండల్లోనే. మా సంచులు విప్పి చూపమన్నా చూపించేవాళ్ళం.

మూడోసారి జరిగిందే మింగుడు పడలేదు.

వరండాలో బెంచీల మీద పదిమంది దాకా కూర్చుని ఉన్నారు. గుమాస్తా మా జాబితా తీసి, ఆడవాళ్ళ పేర్ల పక్కన ఎర్ర పెన్నుతో ఒక్కో గీత పెట్టుకుంటూ పోయాడు.

‘ఏడుగురు లేడీసా? మీ హస్బెండ్స్ దగ్గర అభ్యంతరం లేదని రాయించుకు రండి మేడమ్. రేపు లోపల ఏదన్నా అయితే మా మెడకు చుట్టుకుంటుంది.’

‘మగవాళ్ళం మేము కూడా ఇంట్లో సంతకం తేవాలా?’ అని మందుల షాపు ఆయన అడిగాడు.

‘మీకెందుకు సార్?’

డిగ్రీ అమ్మాయిలకు నాన్న సంతకం. ఇద్దరికీ ఇరవై నిండాయి. నా వంతు వచ్చింది. నాకు భర్త లేరు, పోయి తొమ్మిదేళ్ళయింది. ఆ మాట అంతమంది ముందు పైకి చెప్పాల్సి వచ్చింది. అతను తలెత్తకుండానే, ‘అయితే కొడుకు సంతకం తెండి’ అన్నాడు. బెంచీ మీద ఎవరో చిన్నగా నవ్వారు.

నా కొడుకు ఒకటో తరగతి నుంచి పది దాకా ప్రతి ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టింది నేను. చివరి నాలుగేళ్ళు ఇన్‌చార్జి హెడ్‌మిస్ట్రెస్‌గా ఉన్నప్పుడు నా సంతకంతో ఇచ్చిన స్టడీ సర్టిఫికెట్లు పట్టుకుని పిల్లలు ఉద్యోగాలకు పోయారు. ఆ చేతికి ఇప్పుడు ఒక కొండ ఎక్కడానికి బెంగళూరులో ఉన్న కొడుకు హామీ కావాలట. నోట మాట రాలేదు. ఫైలు తీసుకుని బయటకొచ్చాను. నెల్లూరులో ఆత్మకూరు బస్టాండు దగ్గర దిగాక ఆగలేక ఏడ్చాను.

రాత్రి కొడుక్కి ఫోన్ చేస్తే, ‘ఒక్క సంతకమే కదమ్మా, వాట్సాప్‌లో పంపిస్తా’ అన్నాడు. వాడి మనసు మంచిదే. అయినా గుమాస్తా మాట కన్నా ఇదే ఎక్కువ గుచ్చుకుంది. వద్దన్నాను. గుంపులో ఇద్దరు మాత్రం అప్పటికే భర్తల దగ్గర రాయించుకున్నారు. ‘పని జరగాలి కదా అక్కా’ అని వాళ్ళ వాదన. ఆ వారం నడక లేదు, మూడు రోజులు మాటల్లేవు. తప్పు వాళ్ళదని ఇప్పటికీ అంటాను. ఒకసారి ఇస్తే రేపు వచ్చే ప్రతి ఆడమనిషినీ అదే అడుగుతారు.

నేను ఆ రెండు చట్టాలూ ముందు పెట్టుకుని కూర్చుని చదివాను. అభయారణ్యంలోకి ఎందుకెందుకు అనుమతి ఇవ్వవచ్చో 1972 చట్టం 28వ సెక్షన్‌లో వరసగా ఉంది: వన్యప్రాణుల అధ్యయనం, ఫోటోలు, శాస్త్ర పరిశోధన, పర్యాటకం. భర్త, కొడుకు అనే మాటే లేదు. మళ్ళీ పోయి, ‘ఏ రూల్ కింద అడుగుతున్నారో ఈ కాగితం మీద రాసివ్వండి’ అన్నాను. ‘రూల్ కాదు మేడమ్, మీ మంచికే’ అన్నాడు. రాయలేదు. కార్తీకమాసం వనభోజనాలకు లారీల్లో దిగి, ఆకుల బదులు ప్లాస్టిక్ ప్లేట్లు విసిరేసి పోయే జనాన్ని ఏ సంతకమూ అడగరు.

సోమవారం కలెక్టరేట్‌కి పోయి ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చాను. క్యూలో మూడు గంటలు పట్టింది. జరిగింది తేదీలతో సహా ఒకే పేజీలో రాశాను, ఎవరినీ తిట్టలేదు. రసీదు ఇచ్చారు. మీకు చెప్పే మాట ఒకటే: దరఖాస్తు ఎక్కడ ఇచ్చినా రెండో కాపీ మీద తేదీ ముద్ర వేయించుకోండి. నేను మొదటి మూడుసార్లూ వేయించుకోలేదు. దాంతో నెలన్నర తిరిగినట్టు ఆధారం లేకుండా పోయింది. పది రోజులకు పై అధికారి ఫోన్ చేసి మర్యాదగా మాట్లాడారు. ఆ సంతకాల ఊసే ఎత్తలేదు. శుక్రవారం కాగితం ఇచ్చారు: పన్నెండు మందికి మించకూడదు, అటవీ శాఖ వాచర్ వెంట ఉండాలి, సాయంత్రం నాలుగు లోపు దిగిపోవాలి, నిప్పు, ప్లాస్టిక్ వద్దు. ఎండాకాలం మంటల భయం ఉంటుంది గనక జనవరి ఆఖరు వరకే చెల్లుతుంది. ప్రతి షరతుకీ అర్థం ఉంది, అన్నిటికీ తలవంచాం.

ఆదివారం ఏడున్నరకు కొండ మొదట్లో వాచర్ రిజిస్టర్ తెరిచాడు. పేరు, ఊరు, ఫోన్ నంబరు, సంతకం. నేనే ముందు పెట్టాను.

వాగు నిండుగా పారుతోంది. మొసలి చర్మంలా పగిలిన బెరడుతో ఎర్రచందనం చెట్లు, కింద ఎండిన గుండ్రటి రెక్కల కాయలు. ఎలుగుబంటి పెంట కనిపిస్తే వాచర్ పుల్లతో విప్పి లోపలి గింజలు చూపించాడు. ఇరవై ఏళ్ళుగా ఈ కొండల్లో తిరుగుతున్నాడట. నాకు పుస్తకంలో తెలిసింది అతనికి కాళ్ళతో తెలుసు. ఎనిమిదిన్నరకు ఆకుల్ని ఎగదోసుకుంటూ పొన్నంగి పిట్ట బయటికొచ్చింది. ఆకుపచ్చ వీపు, తోక కింద ఎరుపు. పదకొండు మందిమి ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. భర్తల సంతకాలు తెచ్చిన ఇద్దరిలో ఒకామె నా చెయ్యి పట్టుకుంది, నేను వదిలించుకోలేదు. మధ్యాహ్నం దాకా ఇరవై తొమ్మిది రకాల పిట్టలు, కొండముచ్చుల మంద, ఒక ఉడుము.

దిగేటప్పుడు వాగు పక్కన పాలచెట్టు కనిపించింది. ఆకు గిల్లితే తెల్లటి పాలు కారాయి. అక్కణ్ణించే అమ్మకు ఫోన్ చేశాను. ‘కాయలున్నాయా?’ అని అడిగింది. ఎండాకాలం వస్తాయి, మా కాగితం జనవరితో సరి. మళ్ళీ దరఖాస్తు పెట్టాలి. ఈసారి వేసవికి, మంటల సంగతి చూసుకుని, ఒక్క పూటకి. పేర్ల జాబితాలో అమ్మను కూడా చేర్చాను. తేదీ ముద్ర మొదటి రోజే వేయించుకుంటాను.