కాంగ్రెస్ చేజేతులా వదులుకున్నది: వాషింగ్టన్‌లో ఒక రోజు

హెర్న్‌డన్ స్టేషన్లో సిల్వర్ లైన్ మెట్రో ఎక్కితే రైలు మారే పని లేకుండా కాపిటల్ సౌత్‌లో దిగొచ్చు. మా అమ్మాయికి సెలవు దొరకలేదు, అల్లుడు తోడొచ్చాడు. వాషింగ్టన్ వచ్చే మనవాళ్ళు ముందుగా వైట్‌హౌస్ కంచె దగ్గర ఫోటో దిగి, ఆ తర్వాత మిగతావి చూస్తారు. నేను మాత్రం ముందు కాపిటల్, అంటే అమెరికా పార్లమెంటైన కాంగ్రెస్ కూర్చునే భవనం, అన్నాను. "అక్కడేముంటుంది అత్తయ్యగారూ, వాళ్ళు ఒకళ్ళనొకళ్ళు తిట్టుకోవడం తప్ప" అన్నాడు గానీ, టూర్ పాసులు అప్పటికే ఆన్‌లైన్లో తీసిపెట్టాడు. డబ్బులేం కట్టక్కర్లేదు.

నా పట్టుదలకు కారణం లూయిస్ ఫిషర్. తెనాలిలో డిగ్రీ పిల్లలకు రాజనీతిశాస్త్రం చెప్పే రోజుల్లో అమెరికా రాజ్యాంగం అంటే అధికార పృథక్కరణ, నిరోధాలు–సమతౌల్యాలు. పరీక్షలో తప్పక వచ్చే వ్యాసరూప ప్రశ్న. అధ్యక్షుడు హద్దు దాటితే కాంగ్రెస్ పట్టుకుంటుంది, కాంగ్రెస్ దాటితే కోర్టు పట్టుకుంటుంది అని పుస్తకంలో ఉంటుంది. రిటైరయ్యాక ఫిషర్ రాసినవి చేతికొచ్చాయి. కాంగ్రెస్ తన అధికారాలను తనే అధ్యక్షుడికి వదిలేస్తూ వచ్చిందని ఆయన వాదన. ఆయన రాజనీతిశాస్త్రవేత్త. 1970 నుంచి నాలుగు దశాబ్దాలు కాంగ్రెస్ లైబ్రరీలోనే ఉద్యోగం, అందులో ఎక్కువ కాలం సభ్యులకు పరిశోధన చేసిపెట్టే విభాగంలో. అధ్యక్షుడి అధికారం పెరిగిపోతోందని గోలపెట్టేవాళ్ళలో చాలామందికి, అవతలి పార్టీవాడు గద్దెనెక్కినప్పుడే ఆ సంగతి గుర్తొస్తుంది. ఈయన ట్రూమన్‌ని, నిక్సన్‌ని, బుష్‌ని, ఒబామాని, ఎవర్నీ వదల్లేదు. అందుకే ఆయన మాట మీద నాకు గురి.

సెక్యూరిటీ దాటి, ఎర్ర కోటు వేసుకున్న గైడు వెనకాల నడిచాం. గుమ్మటం కింది గుండ్రటి హాలు, రొటండా గురించి అందరూ రాసిందే. మెడ నొప్పెట్టేదాకా పైకి చూసి బయటపడ్డాం. నేను ఎదురుచూసింది పక్కనున్న స్టాచ్యువరీ హాల్ కోసం. కాంగ్రెస్ రెండు సభల్లో ఒకటైన ప్రతినిధుల సభ 1857 దాకా కూర్చున్నది అక్కడే. అర్ధచంద్రాకారపు గది, నలుపూ తెలుపూ పాలరాతి పలకల నేల, చుట్టూ రాష్ట్రాలు పంపిన విగ్రహాలు. ఒక మూల గుసగుసలాడితే ఇంకో మూల వినిపిస్తుందని గైడు చేసి చూపిస్తుంటే అందరూ అటు గుమిగూడారు. నేను నేల వెతుక్కున్నాను. ఒక పలకలో చిన్న కంచు రేకు, దాని మీద అబ్రహాం లింకన్ పేరు. సభ్యుడిగా ఆయన బల్ల ఉన్న చోటది. మేం చూస్తుండగానే ఇద్దరు పిల్లలు దాన్ని తొక్కుకుంటూ పరిగెత్తారు.

లింకన్ 1847 డిసెంబరులో ఈ సభలో అడుగుపెట్టాడు. అప్పటికి మెక్సికోతో యుద్ధం నడుస్తోంది. మన నేల మీద మనవాళ్ళ రక్తం చిందించారు కాబట్టే యుద్ధం అని అధ్యక్షుడు పోక్ చెప్పాడు. ఏ నేల మీదో ఆ చోటు చూపించండి అని కొత్తగా వచ్చిన ఈ సభ్యుడు తీర్మానాలు పెట్టాడు. రెండు నెలల తర్వాత తన లా ఆఫీసు భాగస్వామికి ఉత్తరం రాస్తూ ఇంకా స్పష్టంగా చెప్పాడు: దాడి జరుగుతుందనిపిస్తే పొరుగుదేశం మీదికి వెళ్ళే హక్కు అధ్యక్షుడికి ఇచ్చేస్తే, అనిపించడమనేది ఆయన ఇష్టమే గనక, యుద్ధమూ ఆయన ఇష్టమే అవుతుంది. రాజులు చేసింది అదేననీ, ఒక్క మనిషి చేతిలో ఆ అధికారం ఉండకూడదనే రాజ్యాంగం ఇలా రాసుకున్నామనీ ఆయన వాదన. ఆ భాగస్వామి పేరు కూడా హెర్న్‌డనే. మా మెట్రో స్టేషన్ ఊరికి పేరిచ్చిన హెర్న్‌డన్ వేరు, ఆయన ఓడ కెప్టెన్.

అల్లుడు ఊరుకోడు గదా, "ఇదే లింకన్ తర్వాత కాంగ్రెస్‌ని అడక్కుండానే సైన్యాన్ని పెంచాడు, హెబియస్ కార్పస్ ఆపేశాడు" అన్నాడు. నిజమే. పట్టుకున్న మనిషిని కోర్టు ముందు పెట్టమని అడిగే ఆ హక్కును 1861లో ఆపేశాడు. కానీ ఫిషర్ ఇక్కడొక తేడా చూపిస్తారు. అదే ఏడు జులై 4న లింకన్ కాంగ్రెస్‌ని సమావేశపరిచి, చేసినవన్నీ చెప్పి, ఆమోదించమని అడిగాడు. తన అధికారానికి కాంగ్రెస్ ముద్ర కావాలని ఒప్పుకున్నట్టే గదా. ఆ అడగడం కూడా తర్వాతి వాళ్ళలో పోయింది.

బయటికొచ్చి ఇండిపెండెన్స్ అవెన్యూ దాటితే కాంగ్రెస్ లైబ్రరీ వాళ్ళ మాడిసన్ భవనం. తెల్లరాతి డబ్బాలా ఉంటుంది, టూరిస్టులెవరూ తలెత్తి చూడరు. ఫిషర్ పనిచేసిన విభాగం ఉండేది ఇందులోనే. ఆయన ఎక్కువ పోట్లాడింది 1936లో సుప్రీంకోర్టు ఇచ్చిన కర్టిస్–రైట్ తీర్పుతో. బొలీవియాకి మెషిన్ గన్లు అమ్మిన కంపెనీ కేసది. నిజానికి ఆయుధాల అమ్మకం నిషేధించే అధికారం అధ్యక్షుడికి ఇచ్చిందే కాంగ్రెస్, 1934 తీర్మానంతో. తీర్పు అక్కడితో ఆగిపోవచ్చు. కానీ జస్టిస్ సదర్లాండ్, విదేశీ వ్యవహారాల్లో అధ్యక్షుడే దేశానికి ఏకైక ప్రతినిధి అన్న జాన్ మార్షల్ (తర్వాత సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయినాయన) మాటను తెచ్చి అతికించాడు. మార్షల్ ఆ మాటన్నది 1800లో, ప్రతినిధుల సభలో. బ్రిటన్ అడిగిన ఒక ఖైదీని అధ్యక్షుడు ఆడమ్స్ అప్పగించడం సబబేనని వాదిస్తూ అన్నాడు. ఒప్పందం అప్పటికే ఉంది, అది చట్టంతో సమానం, అధ్యక్షుడు అమలుచేశాడు, అంతే. విధానం తయారుచేసే అధికారం ఆయనొక్కడిదే అని మార్షల్ ఎక్కడా అనలేదు. ఆ ప్రసంగం పూర్తిగా చదివినవాళ్ళకెవరికైనా ఇది తెలుస్తుందని ఫిషర్ రాశారు. అయినా ప్రభుత్వ లాయర్లు దశాబ్దాల పాటు ఆ ముక్కనే పట్టుకుని వాదించారు. 2015లో ఒక తీర్పులో గానీ సుప్రీంకోర్టు దాని జోరు తగ్గించలేదు.

నడుచుకుంటూ నేషనల్ ఆర్కైవ్స్‌కి వెళ్ళాం. రాజ్యాంగం అసలు ప్రతి అక్కడుంది. లోపల మసక వెలుతురు, ఫోటోలు తీయనివ్వరు. అద్దం మీదికి వంగితే తప్ప అక్షరాలు ఆనవు. మొత్తం రాతలో దాదాపు సగం కాంగ్రెస్ గురించిన మొదటి అధికరణమే. యుద్ధం ప్రకటించడం, పన్నులు వేయడం, విదేశాలతో వ్యాపారం, పౌరసత్వ నియమాలు అన్నీ అందులోనే. "మరి లక్ష డాలర్ల ఫీజు ఎక్కడుంది అత్తయ్యగారూ?" అన్నాడు అల్లుడు.

ఆ అడగడంలో వెటకారం ఉంది, పాత టెన్షన్ కూడా ఉంది. 2025 సెప్టెంబరు 19, శుక్రవారం. హెచ్–1బీ మీద లక్ష డాలర్లు కట్టాలని అధ్యక్షుడి ప్రకటన, ఆదివారం నుంచి అమలు. అల్లుడి స్నేహితుడొకడు పెళ్ళికని హైదరాబాద్ వెళ్ళి, మంగళసూత్రం కట్టడం కూడా చూడకుండా ఎయిర్‌పోర్టుకి పరిగెత్తాడు. శనివారం, ఇది కొత్త దరఖాస్తులకే అని వివరణ వచ్చింది. అప్పటికి అతను విమానంలో ఉన్నాడు. హెచ్–1బీని 1990లో చట్టం చేసి తెచ్చింది కాంగ్రెస్. దాని మీద ఫీజు వేసే ప్రకటనకు ఆధారంగా చూపించిందేమో, విదేశీయుల రాకను ఆపొచ్చన్న 1952 నాటి ఒక సెక్షన్‌ని. అల్లుడికి నేను చెప్పిందొకటే: ఆ సెక్షన్‌ని కూడా కాంగ్రెసే రాసి చేతికిచ్చింది.

సాయంత్రం కొరియా యుద్ధ స్మారకం దగ్గరికి వెళ్ళాం. రెయిన్‌కోట్లు తొడుక్కున్న 19 మంది స్టీలు సైనికులు, పక్కన 2022లో కట్టిన గోడ మీద చనిపోయిన 36,634 మంది అమెరికన్ల పేర్లు. కాంగ్రెస్ ఈ యుద్ధాన్ని ప్రకటించలేదు. 1950లో ట్రూమన్ ఐక్యరాజ్యసమితిని చూపించి సైన్యాన్ని పంపాడు, దాన్ని పోలీసు చర్య అనడానికీ ఒప్పుకున్నాడు. అల్లుడిది వరంగల్, వాళ్ళ తాత చెప్పిన పోలీసు యాక్షన్ కథలు వాడికి తెలుసు, విని నవ్వాడు. అమెరికా కాంగ్రెస్ చివరిసారి యుద్ధం ప్రకటించింది 1942లో. 1973లో నిక్సన్ వీటోని తోసిరాజని చట్టం చేసింది: అధ్యక్షుడు సైన్యాన్ని పోరుకి పంపితే 48 గంటల్లో కాంగ్రెస్‌కి చెప్పాలి, కాంగ్రెస్ అనుమతి లేకపోతే 60 రోజుల్లో ఆపాలి. ఫిషర్‌కి ఇదీ నచ్చదు. అడక్కుండా 60 రోజులు యుద్ధం చేసుకోమని రాసిచ్చినట్టే అంటారు. 2011లో లిబియాలో సైనిక చర్య 60 రోజులు దాటాక, ఇది ఆ చట్టంలో చెప్పిన పోరాటమే కాదని ఒబామా ప్రభుత్వం వాదించింది.

తిరిగి మెట్రోకి నడుస్తుంటే అల్లుడు అడిగాడు, ఇచ్చింది వెనక్కి తీసుకోవచ్చుగా అని. ఒకప్పుడు సులువుగానే తీసుకునేవాళ్ళు, అధ్యక్షుడి సంతకం లేకుండా సభల తీర్మానంతో. 1983లో సుప్రీంకోర్టు అది చెల్లదంది. ఆ కేసు వేసింది కెన్యాలో పుట్టిన భారత సంతతి విద్యార్థి, జగదీష్ రాయ్ చడ్ఢా. దేశంలో ఉండనివ్వాలని అధికారులు తేల్చాక ప్రతినిధుల సభ ఒక్క తీర్మానంతో కాదంది. చడ్ఢాకి జరిగింది న్యాయమే. కానీ ఆ దెబ్బతో అధ్యక్షుడి అత్యవసర పరిస్థితిని ఆపాలన్నా ఆయన సంతకమో, రెండు సభల్లో మూడింట రెండొంతుల ఓట్లో కావలసి వచ్చాయి. 2019లో సరిహద్దు గోడ కోసం ట్రంప్ ప్రకటించిన అత్యవసర పరిస్థితిని రెండు సభలూ వద్దన్నాయి, ఆయన వీటో చేశాడు. దాన్ని తోసిపుచ్చడానికి ప్రతినిధుల సభలో పడ్డవి 248 ఓట్లు, ఎదురు 181. మూడింట రెండొంతులు కాలేదు, అత్యవసర పరిస్థితి నడిచింది.