చారు పొంగిన ఆదివారం

నల్గొండ, ఆదివారం రాత్రి.

పొద్దున చారు పొంగి పొయ్యి మీద పడింది. నీలం మంట ఒక్కసారే పసుపెక్కింది. ఆ రంగు చారుది కాదు, చారులో వేసిన ఉప్పుది. ఉప్పులోని సోడియం మంటలో పడితే 589.0, 589.6 నానోమీటర్ల తరంగదైర్ఘ్యాల దగ్గర, రెండు సన్నటి పసుపు గీతలుగా వెలుగుతుంది. ఇవాళంతా ఆ జంట గీతల వెంటే గడిచింది.

వాటిని చూడటానికి చెప్పుల డబ్బా, పాత సీడీ, రెండు బ్లేడ్లు చాలు. సీడీ మీద మిల్లీమీటరుకు 625 గాళ్లుంటాయి. వెలుగును రంగులుగా విడదీసేది అవే. డబ్బా ఒక కొసన బ్లేడ్ల అంచులు ఎదురెదురుగా, అడ్డంగా అంటించాలి. నడుమ సందు 0.2 మిల్లీమీటర్లు దాటొద్దు. అవతలి కొసన సీడీని 60 డిగ్రీల వాలుగా దూర్చి, దాని పైన కంటికి రంధ్రం పెట్టాలి. పని చెడేది ఎక్కువగా సందు దగ్గరే. మనకు కనబడే ప్రతి గీతా ఆ సందు బొమ్మే కాబట్టి, సందు వెడల్పైతే గీతలు లావై ఒకదాని మీదొకటి పడతాయి. సందు గాళ్లకు సమాంతరంగా లేకపోయినా అంతే, మసక. మూలల్లోంచి వెలుగు దూరకుండా నల్ల టేపు వేయాలి. ఈ డబ్బాలో సోడియం జంట విడిగా కనబడదు, ఒక్కటే గీత.

ఎండనైతే తెల్లగోడ మీద పడ్డాకే చూడాలి. డబ్బాను సూర్యుడి వైపు తిప్పితే కన్ను పోతుంది. సందు ఇంకా సన్నం చేస్తే పసుపులో వెంట్రుకంత నల్లగీత కనబడుతుంది, సరిగ్గా ఉప్పు మంటలో వెలిగిన చోటే. 1814లో జర్మన్ శాస్త్రవేత్త ఫ్రాన్‌హోఫర్ దానికి 'డి' అని పేరు పెట్టాడు. అదెందుకు నల్లగా ఉందో 1859లో మరో జర్మన్ శాస్త్రవేత్త కిర్కాఫ్ తేల్చాడు: సూర్యుడి లోపలి వేడి వెలుగు బయటికొచ్చే దారిలో, పైనున్న కాస్త చల్లని సోడియం ఆవిరి తన రంగును మింగేస్తుంది.

సాయంత్రం గల్లీలో మిగిలిన ఒకే ఒక్క సోడియం దీపం దీన్నే కళ్లకు కట్టింది. వెలిగిన కొత్తలో ఒక్క పసుపు గీత. కొన్ని నిమిషాలకు గొట్టంలో ఆవిరి ఒత్తిడి పెరిగి, గీత రెండు పక్కలకూ పరుచుకుంది. ఆ వెడల్పు నడిమధ్య, 589 దగ్గర, నల్లటి గీత పడింది. గొట్టం గోడ పక్కనున్న చల్లని ఆవిరి చేసిన పని అది. స్తంభం మీద చిన్న సూర్యుడే అనిపించింది. పక్క స్తంభాల ఎల్ఈడీల్లో గీతలే లేవు. నీలంలో ఒక ఉబ్బు, ఆపైన ఎడతెగని రంగులు.

హైదరాబాద్ దగ్గరి జపల్–రంగాపూర్‌లో ఉస్మానియా వారు పెట్టిన 48 అంగుళాల టెలిస్కోపుతో నక్షత్రాలను చూసినా మూలసూత్రం ఇదే. గీత ఉన్న చోటు మూలకం పేరు చెబుతుంది. ఆ చోటు ఎంత జరిగిందన్నదాన్ని బట్టి నక్షత్రం వేగం తెలుస్తుంది. సెకనుకు 30 కిలోమీటర్లతో దూరమయ్యే నక్షత్రంలో ఈ గీత 0.059 నానోమీటర్లే ఎరుపు వైపు జరుగుతుంది. ఇంత చిన్న కొలతకు మన భూమే అడ్డం: సూర్యుడి చుట్టూ తిరిగే దాని వేగమూ సెకనుకు 30 కిలోమీటర్లే. అందుకే కొలిచిన తేదీ, వేళ రాసిపెట్టి, ఆ వాటా తీసేయాలి. భూమి దారికి సూటిగా ఎదురున్న నక్షత్రానికి ఇవాళ కూడిన లెక్క, ఆర్నెల్ల తర్వాత తీసివేత అవుతుంది.