ఆ ఒక్క వైరు పీకించకు తమ్ముడూ

మా తమ్ముడికి మాదాపూర్‌లో జాబ్ వచ్చింది, ఉండేది మాతోనే నిజాంపేటలో. బస్సులో నిలబడి నిలబడి విసిగిపోయి ఒక ఎలక్ట్రిక్ బండి కొనుక్కుంటానన్నాడు. పోయిన శనివారం ఇద్దరం కలిసి షాపుకెళ్ళాం. అక్కడ ఒక బండి చూపించి "దీనికి లైసెన్సొద్దు, రిజిస్ట్రేషనొద్దు, ఇన్సూరెన్సొద్దు అక్కా" అన్నాడు సేల్స్ అబ్బాయి. మరి ఎంత స్పీడు పోతుంది అంటే, "ఇరవై అయిదు. కానీ ఈ వైరు పీకేస్తే నలభై అయిదు పోతది, ఏం గాదు" అన్నాడు. మా వాడి కళ్ళు మెరిశాయి, నాకు మాత్రం గుండె గుభేలుమంది.

అబ్బాయి చెప్పిన మొదటి మాట నిజమే. మోటార్ పవర్ 250 వాట్ల లోపు, స్పీడు గంటకి 25 కిలోమీటర్ల లోపు, బ్యాటరీ తీసేస్తే బరువు 60 కిలోలు మించకూడదు, ఇవన్నీ ఉంటేనే రూల్స్ ప్రకారం అది మోటారు వాహనం కిందకి రాదు. ఆ వైరు పీకిన క్షణం నుంచి అది మామూలు బండే, అంటే లైసెన్సు, ఆర్‌సీ, నంబర్ ప్లేటు, ఇన్సూరెన్సు అన్నీ కావాలి, కానీ మన దగ్గర ఒక్కటీ ఉండదు. పోలీసులు ఆపితే చలానా కడతాం, అది చిన్న విషయం. రేపు జేఎన్‌టీయూ దగ్గర రోడ్డు దాటుతున్న పెద్దాయనకి తగిలిందనుకోండి, ఆయన కాలు విరిగితే ఆ ఖర్చంతా ఎవరు పెట్టుకోవాలి? ఏ కంపెనీ రాదు, మనమే ఇచ్చుకోవాలి. పైగా ఆ బ్రేకులూ టైర్లూ 25కి చేసినవి, 45లో పోతుంటే బ్రేకు నొక్కాక బండి ఆగడానికి పట్టే దూరం మూడింతలు దాటుతుంది.

వైరు పీకకుండా వాడొచ్చు కదా అంటారా, వాడొచ్చు, కాలనీలో కూరగాయలకీ, పిల్లల్ని ట్యూషన్‌లో దింపడానికీ బాగుంటుంది. కానీ హైటెక్ సిటీ రోడ్డు మీద పక్కన కార్లు అరవైలో పోతుంటే పాతికలో పోవడం నాకైతే భయమే, అందులో ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఆ పాతిక కూడా రాదు.

అందుకే రిజిస్ట్రేషన్ ఉన్నదే తీసుకోమని పట్టుబట్టాను. గ్రీన్ ప్లేటు మీద తెల్ల అక్షరాలు, అయిదేళ్ళ థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు, అన్నీ కొన్నప్పుడే వచ్చేస్తాయి. ఖర్చెక్కువ అని వాడి బాధ, కానీ తెలంగాణలో 2024 నవంబర్ నుంచి ఎలక్ట్రిక్ బళ్ళకి రోడ్ ట్యాక్సూ రిజిస్ట్రేషన్ ఫీజూ పూర్తిగా తీసేశారు, 2026 డిసెంబర్ 31 దాకా ఉంటుంది. ఆ డబ్బుతో ఐఎస్ఐ మార్కున్న హెల్మెట్లు రెండు కొనిపించాను, వెనక కూర్చునే నాకు కూడా.

నేను రెండేళ్ళుగా ఎలక్ట్రిక్ బండే నడుపుతున్నాను కాబట్టి వాడికి ఇంకో మాట గట్టిగా చెప్పాను, మన బండికి చప్పుడు ఉండదురా, సందుల్లోంచి వచ్చేవాళ్ళు చూడకుండా చెవితోనే రోడ్డు దాటేస్తారు, మలుపు దగ్గర హారన్ కొట్టి స్లో చెయ్యి అని. వానాకాలం హైటెక్ సిటీ రైల్వే స్టేషన్ దగ్గర బ్రిడ్జి కింద నీళ్ళు నిలిస్తే అందులోకి దించొద్దు, బ్యాటరీకి నీళ్ళు తగలవని కంపెనీ రాసినా సరే. పక్కకి ఆపి అరగంట ఆగితే పోయేదేం లేదు. యూటర్న్ దూరమని రాంగ్ రూట్‌లో రావడం మాత్రం అసలొద్దు.

ఇక చార్జింగ్. 2022 సెప్టెంబర్‌లో సికింద్రాబాద్‌లో ఈ-బైక్ షోరూంలో మంటలంటుకుని పైనున్న లాడ్జిలో ఎనిమిది మంది చనిపోయారు, పొగ మెట్ల మీదుగా పైకి పోయింది. అది గుర్తొస్తే ఇప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది. అందుకే మా ఇంట్లో రూల్, తలుపు దగ్గరా మెట్ల దగ్గరా చార్జింగ్ పెట్టకూడదు, రాత్రి పెట్టి పడుకోకూడదు, ఎక్స్‌టెన్షన్ బాక్స్ వాడకూడదు, ఎర్తింగ్ ఉన్న 15 ఆంప్స్ సాకెట్టే, అదీ బండి దిగాక బ్యాటరీ చల్లారాకే, వేరే చార్జర్ ముట్టుకోకూడదు.

మా సెల్లార్‌లో ఒకే సాకెట్ ఉంది, ఇప్పుడు రెండు బళ్ళయ్యాయి. ఇంకో పాయింట్ విడిగా ఎమ్‌సీబీతో (కరెంటు ఎక్కువైతే దానంతటదే ఆగిపోయే స్విచ్) వేయించుకుంటామని అసోసియేషన్ వాళ్ళని అడిగాం, ఈ ఆదివారం మీటింగ్‌లో మాట్లాడదామన్నారు. అప్పటిదాకా వాడు ఒక రోజు, నేను ఒక రోజు.