తాడు కోసిన తుపాకి మూతి

1998లో కడపలో ఏఆర్ (ఆర్మ్‌డ్ రిజర్వ్) పోలీసు కానిస్టేబుల్‌గా ఉన్నప్పుడు ఏటా జరిగే ఫైరింగ్ పరీక్షలో నేను ఫెయిలయ్యాను. వంద గజాల దూరం, పది రౌండ్లు. కాగితానికి తగిలినవి ఆరే. అవీ ఒకచోట పడలేదు. ఒకటి పైఅంచున, ఒకటి ఎడమ మూలన, మిగతావి ఎవరో గుప్పెడు శనక్కాయలు చల్లినట్టు ఉన్నాయి. "ట్రిగ్గర్ గుంజుతాండావు, భుజానికి గట్టిగా అదుముకోలేదు" అని అక్కడున్న ఓ పెద్దాయన అందరి ముందూ అన్నాడు. నాకు చాలా బాధేసింది. అంతకుముందు ఏడాది ఇంకో రైఫిలుతో ఇదే దూరం నుంచి కొడితే నా గ్రూపును, అంటే గుండ్లన్నీ పడ్డ మేరను, అరచేత్తో మూసేయొచ్చు. ఒక్క ఏడాదిలో చెయ్యి అంత చెడిపోతుందా?

కాగితం మడిచి జేబులో పెట్టుకుని మరుసటి రోజు తుపాకులు దాచే కోత్‌లో, వాటిని బాగుచేసే ఆర్మరర్ హెడ్ కానిస్టేబుల్ దగ్గరికి పోయాను. ఆయన రంధ్రాలను వేలితో తడిమి, రెండింటి దగ్గర ఆగాడు. "ఇవి చూడు నాయనా, గుండ్రంగా లేవు, కోలగా ఉండాయి. గుండు పక్కకు ఒరిగి తగిలింది. ట్రిగ్గర్ గుంజితే గుండు పక్కకు పోతుంది గానీ ఒరగదు."

ఆ మాటతో సగం బరువు దిగింది. అయినా ఆయన తొందరపడలేదు. ఆర్ఐ (రిజర్వ్ ఇన్‌స్పెక్టర్) సారును అడిగి మరో పది రౌండ్లు ఇప్పించాడు. మాలో అందరికంటే బాగా కొట్టే అన్నకు నా రైఫిలు ఇచ్చి, ఆయనది నాకిచ్చి చెరి ఐదు కాల్పించాడు. నా ఐదూ ఒక దగ్గర పడ్డాయి. ఆయనవి చెదిరిపోయాయి. ఎంప్టీలు (ఖాళీ తూటా కేసులు) ఏరి లెక్క అప్పజెప్పి, రైఫిలు తీసుకుని కోత్‌కు వచ్చేశాం.

అది లీ ఎన్‌ఫీల్డ్ నంబర్ 1 మార్క్ 3, బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీ తయారీ. భుజానికి ఆనించే బట్ దగ్గరి ఇనుప పట్టీ మీద కిరీటం గుర్తు, కింద 1943. అంటే నాకంటే పాతికేళ్లు పైబడ్డ తుపాకి. మొదట స్క్రూలన్నీ బిగువుగా ఉన్నాయో లేదో చూశాం. కడప ఎండకు కట్టె ఎండి కుంచించుకుపోతే ట్రిగ్గర్ గార్డు ముందు స్క్రూ వదులవుతుంది. అప్పుడు బారెల్ కట్టెలో కుదురుగా కూర్చోదు, గురి తప్పుతుంది. ఇందులో అది బిగువుగానే ఉంది. మూతి దగ్గరి గురి పలక, అదే ఫోర్‌సైట్, కదల్లేదు. ముందు తొడుగు నోస్ క్యాప్ ఊడదీసి చూస్తే అక్కడా తప్పు లేదు.

అప్పుడాయన బోల్టు తీసి పక్కన పెట్టి, మందులేని డ్రిల్ రౌండ్ ఒకటి తెచ్చాడు. మొదట ఓ మంచి రైఫిలు మూతిలో గుండు మొనను దించాడు. గుండు కొంత దిగి ఆగింది. ఇత్తడి కేసుకూ మూతికీ మధ్య చిటికెన వేలి గోరంత జాగా మిగిలింది. తర్వాత నా రైఫిల్లో దించాడు. కేసు అంచు దాదాపు మూతికి ఆనుకుంది. అటూ ఇటూ కదిపితే గుండు లొడలొడ ఊగింది.

తూటా కూర్చునే చాంబర్ వైపు తెల్లకాగితం అడ్డం పెట్టించి, మూతిలోంచి భూతద్దంతో చూడమన్నాడు. ఆ బారెల్‌లో గుండును తిప్పే ఐదు గాడులు, ఎడమకు తిరుగుతూ పది అంగుళాలకు ఒక చుట్టు. గుండు సెకనుకు 2,440 అడుగుల వేగంతో బయటపడుతుంది కాబట్టి, లెక్క కడితే సెకనుకు 2,900 చుట్లకు పైగా తిరుగుతుంది. అంత వేగంగా తిరిగే దాన్ని ఆఖరున తాకేది మూతి అంచే. లోపల గాడికీ గాడికీ మధ్య గట్లు చేలో కొత్తగా వేసిన గట్లలా పదునుగా ఉన్నాయి. మూతి నుంచి అంగుళం లోపలి వరకు మాత్రం ఒక పక్క గట్లు కరిగిపోయినట్టు నున్నగా ఉన్నాయి. అంచు గుండ్రం తప్పి ఆ పక్కకు సాగింది. గుండు బయటపడే క్షణంలో వెనకనున్న గ్యాసు ఆ అరిగిన సందులోంచి ముందే చిమ్మి గుండు మడమను ఒక పక్కకు నెడుతుంది. అందుకే అది ఒరిగింది.

"కాల్చి కాల్చి అరిగిందా అన్నా?" అని అడిగాను.

"కాల్చి అరిగితే చాంబర్ ముందర అరగాల. కార్డైట్ మందు వేడి అంతా తగిలేది ఆడనే. ఆడ చూస్తే కొత్తదాని మాదిరి ఉండాది. ఏడాదికి నువ్వు కాల్చేది ఎన్ని? తుడిచేది ఎన్నిసార్లు?"

నాకు నోట మాట రాలేదు. వారం వారం క్లీనింగ్ పరేడ్. బారెల్ తుడిచే పుల్ త్రూ తాడు ఇత్తడి బరువును చాంబర్‌లోంచి వదిలి, చిందీ గుడ్డ తగిలించి, మూతిలోంచి లాగుతాం. బట్‌ను కాలికి ఆనించి తాడును మన వైపు కిందికి లాగడం అందరికీ అలవాటు. ప్రతిసారీ తాడు మూతి అంచు మీద ఒకే పక్క వంగుతుంది. పరేడ్ మైదానం దుమ్ము, పెన్నా ఇసుక తాడు పోగుల్లో ఇరుక్కుని ఆకురాయిలా రాస్తాయి. మా ఊరి బావి ఒర మీద పరిచిన కడప బండకే చేంతాడు వేలు పట్టేంత గాడి చేసింది. ఇనుమూ అంతే. యాభై ఏళ్లకు పైగా ఎంతమంది శ్రద్ధగా తుడిచారో, ఆ శ్రద్ధే దాన్ని తినేసింది. అందులో నా చేతులూ ఉన్నాయి.

అంచు మాత్రమే దెబ్బతింటే గుండ్రటి ఇత్తడి గోళీ, గ్రైండింగ్ పేస్టుతో నూరి సరిచేయొచ్చట. అంగుళం లోతు అరిగితే అది చాలదు. రష్యాలో పాత మోసిన్ నగాంట్ రైఫిళ్లకు అరిగిన మేర మూతిని లోపల వెడల్పుగా తొలిచి, మంచి గాడులు ఉన్నచోట కొత్త అంచు తీశారని చాలా కాలం తర్వాత చదివాను. మాకు ఆ వీలు లేదు. రిపోర్టు రాసి వర్క్‌షాపుకు పంపితే ఏడు నెలలకు కొత్త బారెల్‌తో తిరిగొచ్చింది. ఫోర్‌సైట్ బ్లేడు మార్చి గురి సరిచేశాక (జీరో చేశాక) వంద గజాల దగ్గర ఐదు రౌండ్లు మళ్లీ అరచేతి కింద పట్టాయి. ఆ కాగితం ఇప్పటికీ నా పెట్టెలో ఉంది.

ఆ వారం నుంచి మా సెక్షన్‌లో పుల్ త్రూ ఒక్కడే లాగడం మానేశాం. ఒకడు రైఫిలును బల్ల మీద అడ్డంగా పట్టుకుంటాడు, రెండోవాడు మూతికి ఎదురుగా నిలబడి తాడును నేరుగా లాగుతాడు. లాగే ముందు తాడును ఉతికి, దులిపి, ఎండలో ఆరేస్తాం.