మా ఎంపీ ఎటు నడిచాడు

శనివారం. బట్టలు మెషీన్‌లో వేసి, పిండి రుబ్బి పెట్టాక, చాన్నాళ్లుగా వాయిదా వేస్తున్న పని చేశాను: ఇక్కడ బ్రిటన్‌లో మా ఎంపీ 2025 జులైలో సంక్షేమ కోతల బిల్లుకి ఎలా ఓటేశాడో పార్లమెంటు రికార్డులో చూశాను. జులై 1న అనుకూలం, 9న మళ్లీ అనుకూలం. ఒళ్లు మండింది.

బ్రిటన్‌లో ఎంపీలు ఓటెయ్యాలంటే నిజంగానే నడవాలి. గంట మోగాక ఎనిమిది నిమిషాల్లో అవుననేవాళ్లు ఒక లాబీలోకి, కాదనేవాళ్లు ఇంకో లాబీలోకి వెళ్లాలి, తర్వాత తలుపులు మూసేస్తారు, ఎవరెటు వెళ్లారో పేర్లతో సహా బయటికొస్తుంది. మన అసెంబ్లీల్లో చాలావరకు మూజువాణి ఓటే, మా ఊరి ఎమ్మెల్యే ఏ బిల్లుకి ఏమన్నాడో నాకెప్పుడూ తెలియలేదు. పైగా మన దగ్గర విప్‌ని కాదంటే సభ్యత్వమే పోవచ్చు. ఇక్కడ పార్టీ సస్పెండ్ చేసినా సీటు మాత్రం పోదు, కాబట్టి ఎటు నడిచాడన్నది అతని సొంత నిర్ణయమే.

ఆ బిల్లు మొదట వచ్చినప్పుడు పిప్ అనే వికలాంగుల భత్యం మీద పెట్టిన షరతు గురించి రాయాలి. పక్కింటావిడ ఫారం నింపుతుంటే పక్కన కూర్చున్నాను కాబట్టి నాకా పాయింట్లు తెలుసు. నడుము కింద ఒళ్లు కడుక్కోవడానికి మనిషి సాయం కావాలంటే 2 పాయింట్లు, ప్యాంటు, సాక్సు తొడగడానికి సాయం కావాలంటే 2, మామూలు స్టవ్ మీద వండలేక మైక్రోవేవ్‌లోనే వండుకోగలిగితే 2, టాయిలెట్‌లో పట్టుకోడానికి కమ్మీలు కావాలంటే 2. అలా కూడితే 8, భత్యం వస్తుంది. కొత్త షరతు ప్రకారం ఏదో ఒక్కదాంట్లోనైనా 4 రావాలి. ఆవిడకి ఎందులోనూ రావు. నడుము కింద ఒళ్లు కడుక్కోవడానికి ఇంకొకళ్ల సాయం లేనిదే గడవని మనిషి కూడా ఆ లెక్కలో అనర్హురాలే!

అధికార లేబర్ పార్టీలోనే 120 మందికి పైగా అడ్డం తిరిగితే, జులై 1న చర్చ నడుస్తుండగానే మంత్రి స్టీఫెన్ టిమ్స్ లేచి ఆ షరతు తీసేస్తున్నామన్నాడు. అంత జరిగినా 49 మంది లేబర్ ఎంపీలు వ్యతిరేకంగానే నడిచారు, బిల్లు 335-260తో గట్టెక్కింది. అడ్డం తిరిగినవాళ్లలో మా ఎంపీ లేడు.

మిగిలిన కోత మాత్రం చట్టమైంది. జబ్బు వల్ల పని చేయలేనివాళ్లకి యూనివర్సల్ క్రెడిట్ అనే ప్రభుత్వ భత్యంలో వారానికి అదనంగా వచ్చే 97 పౌండ్లు, 2026 ఏప్రిల్ నుంచి కొత్తగా చేరేవాళ్లకి సుమారు 50. చావుకి దగ్గరైనవాళ్లకీ, జీవితాంతం తగ్గని తీవ్రమైన జబ్బులున్నవాళ్లకీ మినహాయింపు ఉంది. మిగతావాళ్లకి అదే జబ్బు, అదే ఇంటి అద్దె, సగం డబ్బు.

సాయంత్రం అమ్మతో ఫోన్‌లో ఇదంతా చెబితే మన దగ్గరి సదరం గొడవ గుర్తుచేసింది. ఆంధ్రాలో 2025లో వైకల్యం సర్టిఫికెట్లు మళ్లీ తనిఖీ చేసి పింఛన్లు ఆపుతామని నోటీసులిచ్చినప్పుడు, అదంతా అధికారుల స్థాయిలోనే నడిచింది, ఏ ఎమ్మెల్యే చెయ్యెత్తాల్సిన పనీ పడలేదు. ఎవర్ని నిలదియ్యాలో కూడా తెలియదంది అమ్మ. ఇక్కడ నాకు తెలుసు కదా.

కామన్వెల్త్ పౌరురాలిగా ఇండియన్ పాస్‌పోర్టుతోనే నాకిక్కడ ఓటుంది. అందుకే రాత్రి ఎంపీకి మెయిల్ రాశాను: మార్చిలో మంచాన పడ్డ మనిషికీ ఏప్రిల్‌లో పడ్డ మనిషికీ ఖర్చులో తేడా ఏముందని ఓటేశారు? జవాబు రాకపోతే ఆయన లైబ్రరీలో జనాన్ని కలిసే రోజున వెళ్లి ఎదురుగా అడుగుతాను, పక్కింటావిడ కూడా వస్తానంది.