ఒక్క గంట బ్యాటరీకి సరిపడే కథలు

2014 అక్టోబరు 12, ఆదివారం నాడు హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం మీద విరుచుకుపడి, చెట్లనూ కరెంటు స్తంభాలనూ నేలకూల్చి వెళ్లాక, ఎం.వి.పి. కాలనీలోని మా ఇంట్లో కరెంటు ఎప్పుడు వస్తుందో చెప్పగలిగినవారు లేరు. మోటారు తిరగదు కనుక కుళాయిల్లో నీళ్లు లేవు. తుపానుకు ముందురోజు అమ్మ పట్టించిన బిందెలూ బకెట్లూ వంటింట్లో వరుసగా ఉన్నాయి. నా పాత ల్యాప్‌టాప్‌లో సుమారు గంటసేపటికి సరిపోయే ఛార్జింగు ఉంది. మా ఇంట్లో చిక్కుకుపోయిన మా పిన్ని కొడుకు ఆ సాయంత్రం, "అన్నయ్యా, దాంట్లో ఏదైనా ఉంటే పెట్టు, ఈ చీకట్లో కూర్చోలేను" అన్నాడు. అందులో ఉన్నది ఒక్కటే, డీవీడీల నుంచి నేను ఎక్కించుకున్న ‘ది ఎక్స్-ఫైల్స్’. వాడు ఆ ధారావాహికను అంతకు ముందు ఒక్కసారి కూడా చూడలేదు. ఒక్కో ఎపిసోడు 45 నిమిషాలు. ఒక్కటే చూపించగలను. ఏది చూపించాలి?

ఆ ప్రశ్న అప్పటి నుంచి నాకు కొలబద్ద అయింది. ఈ ధారావాహిక అమెరికాలోని ఫాక్స్ చానల్‌లో 1993 సెప్టెంబరు 10న మొదలై 2002 వరకు తొమ్మిది సీజన్లు నడిచింది, మళ్లీ 2016లోనూ 2018లోనూ కొద్దికాలం వచ్చి, మొత్తం 218 ఎపిసోడ్ల దగ్గర ఆగింది. అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐలో ఎవరికీ పట్టని ఒక నేలమాళిగ గదిలో కూర్చుని, తేలని కేసుల దస్త్రాలు తిరగేసే ఇద్దరు ఏజెంట్లు ఇందులో కథానాయకులు. దేనినైనా నమ్మడానికి సిద్ధంగా ఉండే మల్డర్ ఒకరు, శవపరీక్షలు చేసే వైద్యురాలిగా రుజువు అడిగే స్కల్లీ మరొకరు. దీన్ని సృష్టించిన క్రిస్ కార్టర్ కథను రెండు పాయలుగా నడిపించాడు. గ్రహాంతరవాసులు, వారితో లాలూచీ పడిన ప్రభుత్వ పెద్దలు, మల్డర్ చిన్నతనంలో మాయమైన చెల్లెలు కలిసిన పెద్ద కుట్ర కథ ఒక పాయ కాగా, దానితో సంబంధం లేకుండా ఏ వారానికా వారం ఒక వింతతో మొదలై ఆ వారమే ముగిసే విడి కథలు రెండో పాయ. తొంభైలలో కేబుల్ టీవీ ముందు కూర్చున్న నాలాంటివారికి ఒక వారం కరెంటు పోయేది, ఒక వారం పరీక్షలుండేవి, ఇంకో వారం నాన్నగారు వార్తలు పెట్టుకునేవారు. అందువల్ల కుట్ర కథ నాకు ఏనాడూ సవ్యంగా అర్థం కాలేదు. తరువాత డీవీడీల్లో వరుసగా చూసినప్పుడు తెలిసిందేమిటంటే, వరుసగా చూసినా అది అంత సవ్యంగా అర్థమయ్యేది కాదు. విడి కథలు మాత్రం మొదటిసారి చూసినప్పుడు ఎలా పట్టుకున్నాయో ఇప్పటికీ అలాగే పట్టుకుంటాయి.

ఆ రాత్రి నేను ఎంచుకున్నది రెండో సీజన్‌లోని ‘డాడ్ కామ్’. నార్వే దగ్గరి సముద్రంలో అమెరికా నౌకాదళానికి చెందిన ఒక యుద్ధనౌక కనబడకుండా పోతుంది, దాన్నుంచి పడవలో తప్పించుకున్న యువకులు కొద్ది గంటల్లోనే ముదుసలివాళ్లయి దొరుకుతారు. వెతుక్కుంటూ వెళ్లిన మల్డర్, స్కల్లీలకు ఆ నౌక గడ్డకట్టిన చలిలో, వందేళ్ల నాటిదానిలా తుప్పుపట్టి కనిపిస్తుంది, నిజానికి అది కట్టి కొన్నేళ్లే అయింది. ఇక అక్కడి నుంచి వాళ్లు కూడా గంటగంటకూ ముసలివాళ్లయిపోతుంటారు. కారణం నీళ్లలో ఉందని స్కల్లీ కనిపెడుతుంది. సముద్రపు నీటిని శుద్ధి చేసి నిలవచేసిన తొట్టెలు కలుషితమయ్యాయి, మురుగునీటినే శుద్ధి చేసి తిరిగి వాడే గొట్టాలలోని నీళ్లు మాత్రం బాగున్నాయి. ఆ కాస్త నీళ్ల కోసం మనుషులు ఏమవుతారన్నది మిగతా కథ. స్కల్లీ చివరకు కొన్ని నిమ్మకాయల రసం, ఒక సార్డిన్ చేపల డబ్బాలోని ద్రవం, గాజుగోళపు బొమ్మలోని నీళ్లు పోగుచేసి మల్డర్‌కు ఇవ్వబోయే దృశ్యంలో ఏ భూతమూ ఉండదు, భయపెట్టే సంగీతమూ పెద్దగా ఉండదు. సార్డిన్ అంటే మన జాలరిపేటలో కవళ్లు అని మా తమ్ముడికి చెప్పాను కానీ వాడు వినలేదు, లేచి వెళ్లి వంటింట్లో బిందెల మీద మూతలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసి వచ్చాడు.

విశాఖవాసికి ఈ కథలో ఇంకొకటి కూడా తగులుతుంది. ఇక్కడ సముద్రానికి దగ్గరగా ఇల్లు కట్టుకున్న ప్రతివారికీ తుప్పు ఇంటి మనిషితో సమానం. కొత్త కిటికీ ఊచలు రెండు వానాకాలాలు చూశాయంటే రంగు లేచిపోయి పొరలుగా రాలుతాయి. 1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించిన కురుసుర జలాంతర్గామి ఆర్.కె. బీచ్‌లో ఇసుక మీద మ్యూజియంగా నిలబడి ఉంది. దాని పక్కగా నడిచినప్పుడల్లా, ఇనుము ముసలితనం మనుషుల ముసలితనం లాంటిదేనన్న ఆలోచన నాకు ఈ ఎపిసోడు వల్లనే వస్తుంది. విజ్ఞానం దృష్టితో చూస్తే కథలోని వివరణ బలహీనమైనదే. ఆక్సిజన్ వల్ల లోహమూ దేహమూ రెండూ చెడతాయన్న చిన్న నిజాన్ని పట్టుకుని పెద్ద అబద్ధం చెప్పారు. కానీ ఆ చిన్న నిజం చాలు.

నాలుగో రోజున జనరేటరు ఉన్న ఒక దుకాణంలో బతిమాలి ఛార్జి చేయించుకుని వచ్చాక, ఈసారి అడగకుండానే వాడు వచ్చి పక్కన కూర్చున్నాడు. అప్పుడు పెట్టింది, నా దృష్టిలో ఈ ధారావాహిక మొత్తానికి తలమానికమైనది, 1995 అక్టోబరు 13న ప్రసారమైన ‘క్లైడ్ బ్రక్‌మన్స్ ఫైనల్ రిపోజ్’. సెయింట్ పాల్ నగరంలో జోస్యం చెప్పేవాళ్లను ఎవరో వరుసగా చంపుతుంటారు. పోలీసులు పిలిపించిన పేరుమోసిన జ్యోతిష్కుడు దేనికీ పనికిరాడు. ఏ పేరూ లేని ఒక ముసలి బీమా ఏజెంటు బ్రక్‌మన్‌కు మాత్రం ఎదుటి మనిషి ఎలా చనిపోతాడో కనిపిస్తుంది. అంతకు మించి ఏమీ కనిపించదు. దానితో లాటరీ గెలవలేడు, సుఖపడలేడు, ఒక్క చావును తప్పించలేడు.

ఈ కథ మా ఇంట్లోవారికి దగ్గరగా ఉండడానికి కారణం మా పెద్దనాన్న. ఆయన ముప్పై ఏళ్లు బీమా పాలసీలు చేయించారు. అన్నేళ్లలోనూ ఏ ఇంట్లోనూ ఆయన నోటి నుంచి చావు అన్న మాట వచ్చి ఉండదు. "రేపు మీకేమైనా అయితే", "జరగకూడనిది జరిగితే", "దేవుడి దయవల్ల అలాంటి అవసరం రాకూడదు గానీ" అంటూ ఆ మాట చుట్టూ ప్రదక్షిణ చేసి, సంతకం దగ్గరకు వచ్చేవారు. బ్రక్‌మన్ ఒక కుర్ర దంపతులకు పాలసీ అమ్మడానికి వెళ్లి, భర్తతో, రెండేళ్ల తరువాత నువ్వు ఇంటికి వస్తుండగా తాగి నడుపుతున్నవాడి నీలం రంగు కారు ఎదురుగా వచ్చి గుద్దుతుందని, ఆ కారు ఏ సంవత్సరపు మోడలో కూడా కలిపి చెప్పేస్తాడు. పాలసీ అమ్ముడుపోదు. మా పెద్దనాన్నకు ఈ ఘట్టం చెప్పినప్పుడు ఆయన నవ్వి, "వాడికి ఉద్యోగం రాదురా, నిజం చెప్పాడు" అన్నారు.

ఈ ఎపిసోడు రాసిన డారిన్ మోర్గన్‌కూ, బ్రక్‌మన్‌గా నటించిన పీటర్ బాయిల్‌కూ 1996లో అమెరికా టీవీ రంగపు ఎమ్మీ పురస్కారాలు వచ్చాయి. బ్రక్‌మన్ అన్న పేరు మూకీ హాస్య చిత్రాల కాలం నాటి ఒక నిజమైన రచయితది, ఆయన 1955లో ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ సంగతి తెలిశాక పేరులోనే ముగింపు ఉందని అర్థమై, రెండోసారి చూస్తున్నప్పుడు నవ్వులన్నీ గొంతులో అడ్డుపడతాయి. తనకెలా చావు రాసిపెట్టి ఉందో స్కల్లీ అడిగినప్పుడు, నీకు చావు లేదని అతను చెప్పే జవాబు మీద అభిమానులు ఏళ్ల తరబడి వాదించుకున్నారు. నాకు ఆ వాదన మీద ఆసక్తి లేదు. తెలిసిన చావులన్నీ మోసి అలసిపోయిన మనిషి, తనతో దయగా మాట్లాడిన ఒక్క మనిషికి ఇచ్చుకోగలిగిన కానుక అదేనని నేననుకుంటాను. ఆ కానుకకు లెక్కలు కట్టడం దేనికి?

బాగా నిలిచిన విడి కథలన్నింటిలోనూ నాకు కనిపించేది ఇదే. వింత శక్తి ఉన్నవాడికి ఆ శక్తి వరం కాదు, వైద్యం చేయించుకోలేని జబ్బు లాంటిది. 1998 నవంబరులో వచ్చిన ‘డ్రైవ్’లో క్రంప్ అనే వ్యక్తి మల్డర్‌ను తుపాకీ చూపి బెదిరించి పడమటికి కారు నడిపిస్తాడు. వేగం తగ్గినా, దిక్కు మారినా వాడి చెవి లోపల ఒత్తిడి పెరిగి తల పగిలిపోతుంది, కళ్లెదుటే భార్య అలాగే పోయింది. వాళ్ల ఇంటి పక్కన నేలలో నౌకాదళం వేసిన ఏంటెనా ఏదో వికటించిందన్నది వివరణ. జలాంతర్గాములకు నెలవైన ఊరివాళ్లం కనుక ఈ వివరణ మాకు మరీ గాలిలోంచి ఊడిపడినట్టు అనిపించదు. మామూలు రేడియో తరంగాలు సముద్రపు నీటిలో ఎక్కువ దూరం పోలేవు, బాగా తక్కువ ఫ్రీక్వెన్సీ గల తరంగాలే లోతుకు చేరతాయి. అమెరికా నౌకాదళం విస్కాన్సిన్, మిషిగన్ రాష్ట్రాలలో 76 హెర్ట్జ్ దగ్గర పనిచేసే అలాంటి కేంద్రాలను 2004 వరకు నిజంగానే నడిపింది. మన దేశానికి తిరునల్వేలి జిల్లాలో కట్టబొమ్మన్ కేంద్రం ఉంది, దాని ఫ్రీక్వెన్సీ ఇంతకంటే చాలా ఎక్కువ. వాటి వల్ల తలలు పగలవు, ఆ భాగం కల్పన.

క్రంప్ మంచివాడు కాడు. నోటిదురుసు మనిషి, యూదులంటే గిట్టనివాడు, మల్డర్‌ను దారిపొడవునా కించపరుస్తూనే ఉంటాడు. అయినా ఎపిసోడు సగానికి వచ్చేసరికి వాడు బతకాలని మనం కోరుకుంటాం. ఆ పని చేసినది బ్రయన్ క్రాన్‌స్టన్ నటన. ఈ ఎపిసోడు రాసిన విన్స్ గిలిగన్ పదేళ్ల తరువాత తన ‘బ్రేకింగ్ బ్యాడ్’ ధారావాహికకు అతన్నే పట్టుబట్టి తీసుకున్నది కూడా అందుకే. పడమటికి పోతూపోతూ చివరకు రోడ్డు అయిపోయి సముద్రం వస్తుంది. మా ఊళ్లో ఎన్.ఏ.డి. కూడలి నుంచి తూర్పుగా ఏ దారి పట్టుకున్నా కొద్దిసేపటికే సముద్రం అడ్డం వచ్చి ఇక పోవడానికి చోటుండదు కనుక, మా తమ్ముడు ఆ చివరి దృశ్యం రాకముందే, "ఇంకెక్కడికెళ్తాడు అన్నయ్యా?" అని మెల్లగా అన్నాడు.

అంత బరువు తరువాత ‘బ్యాడ్ బ్లడ్’ పెట్టాను. టెక్సస్‌లోని ఒక చిన్న ఊళ్లో రక్తపిశాచి అనుకుని మల్డర్ ఒక పిజ్జా కుర్రాడి గుండెలో మేకు దిగగొడతాడు, కుర్రాడి నోట్లో ఉన్నవి ప్లాస్టిక్ కోరలు. పై అధికారికి ఏమని నివేదించాలో తేల్చుకోవడానికి ఇద్దరూ జరిగినదాన్ని ఎవరి కోణంలో వారు చెబుతారు. స్కల్లీ కథలో అందగాడైన ఆ ఊరి షెరీఫ్, అంటే పోలీసు అధికారి, మల్డర్ కథలో ఎత్తుపళ్లవాడు. ఇద్దరూ అబద్ధమాడరు, ఇద్దరూ నిజం చెప్పరు. ఇందులో నాకు బాగా నచ్చినది పొద్దుతిరుగుడు గింజల ఘట్టం. పిశాచి ముందు గింజలు చల్లితే అది వాటిని ఒక్కొక్కటిగా ఏరక తప్పదన్న పాత నమ్మకాన్ని పట్టుకుని మల్డర్ గింజలు విసరగా, మీదికి వస్తున్న పిశాచి విసుక్కుంటూ కూర్చుని ఏరడం మొదలుపెడుతుంది. ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీసే ఇళ్లలో పుట్టిన మనకు ఇది వింతగా తోచదు. తోచకపోగా, ఆ గింజలు ఎన్ని ఉన్నాయో అని లెక్క చూస్తాం.

అందరూ మెచ్చుకునేవాటిలో నేను బ్యాటరీ ఖర్చుపెట్టనివి కూడా ఉన్నాయి. ‘హోమ్’ 1996లో వచ్చినప్పుడు హెచ్చరికతో ప్రసారమైంది, ఆ తరువాత ఆ చానల్ దాన్ని చాలాకాలం తిరిగి వేయలేదు. దాని పేరు తలుచుకుని అభిమానులు గర్వపడతారు గానీ, అందులోని ఒక కుటుంబపు క్రౌర్యం చూశాక నాకు మిగిలింది వికారమే, ఆ కుటుంబంలో ఒక్కరి మీదా జాలి పడే వీలు రచయితలు ఇవ్వలేదు. ‘హోసే చంగ్స్ ఫ్రమ్ ఔటర్ స్పేస్’ చాలా తెలివైనది, అది కూడా డారిన్ మోర్గన్‌దే, కానీ ధారావాహికను బాగా ఎరిగినవాడికే దాని వెక్కిరింత అందుతుంది, కాబట్టి దాన్ని విడి కథ అనడానికి నాకు మనసొప్పదు. మొదటి సీజన్‌లోని ‘స్క్వీజ్’ మాత్రం ఎవరికైనా చూపించవచ్చు. ముప్పై ఏళ్లకొకసారి మేలుకుని అయిదు కాలేయాలు తిని మళ్లీ నిద్రపోయే టూమ్స్ ఎంత సన్నని సందులోంచైనా దూరగలడు. అది మొదటిసారి చూసిన తరువాత మా స్నానాలగదిలోని వెంటిలేటరుకు నేను అట్టముక్క అడ్డం పెట్టాను, అమ్మ రెండు రోజులకు గానీ చూడలేదు.

వారం దాటాక కరెంటు వచ్చింది. మా తమ్ముడు తన ఊరికి వెళ్లేటప్పుడు పెన్‌డ్రైవ్ ఇస్తే నేను ఏరిన పాతిక ఎపిసోడ్లు ఎక్కించి ఇచ్చాను, కుట్ర కథలో ఒక్కటి కూడా వేయలేదు. ఆ పాతికలో పొరపాటునో కావాలనో ‘పేపర్ హార్ట్స్’ కూడా ఉంది. చిన్నపిల్లలను చంపి వాళ్ల దుస్తుల నుంచి హృదయాకారపు గుడ్డముక్క కత్తిరించి దాచుకున్న ఖైదీ ఒకడు, ఇన్నాళ్లూ నువ్వు గ్రహాంతరవాసులు ఎత్తుకుపోయారనుకున్న నీ చెల్లెలు కూడా నా లెక్కలోదేనని మల్డర్‌ను నమ్మించబోయే కథ అది. నెల తిరగకుండానే ఒకరోజు రాత్రి పదకొండు దాటాక వాడి ఫోను వచ్చింది.

"అన్నయ్యా, మల్డర్‌కి చెల్లెలుందా? ఇన్ని చూశాను, ఎప్పుడూ చెప్పలేదేమిటి?"