మజ్జ శాంపిల్‌తో ల్యాబులో రెండు రోజులు: నా అనుభవం

లుకేమియా లాంటి రక్త క్యాన్సర్ల అనుమానంతో తీసిన ఎముక మజ్జలో కణాల క్రోమోజోములు చూడటం నా పని. ఒంగోలు నుంచో కావలి నుంచో బోన్ మ్యారో (ఎముక మజ్జ) శాంపిల్ నెల్లూరు వచ్చిందంటే, నేను ముందు చూసేది ట్యూబు మూత. ఆకుపచ్చ మూతంటే రక్తం గడ్డకట్టకుండా ఆపే సోడియం హెపారిన్, కల్చర్‌కు (కణాలను ల్యాబులో పెంచడానికి) అదే కావాలి. ఊదా మూతంటే ఈడీటీఏ, అదీ గడ్డకట్టనివ్వనిదే, పీసీఆర్ అనే జన్యు పరీక్షకు. హెపారిన్ ఉంటే పీసీఆర్ ఎంజైము సరిగా పనిచేయదు. రెండు పరీక్షలూ రాస్తే రెండు ట్యూబులూ తీయాల్సిందే. సూది పెట్టాక మొదట లాగిన మజ్జే చిక్కన, తర్వాత లాగేకొద్దీ రక్తం కలుస్తుంది.

తర్వాత పెట్టె. థర్మోకోల్ పెట్టె కనబడితే ఐసు నింపడం మా వైపు రొయ్యలు నేర్పిన అలవాటు. ఇక్కడ కణాలు బతికుండి విభజన చెందాలి, గడ్డకడితే పగిలిపోతాయి. గది వేడిమిలోనే, వీలైతే 24 గంటల్లోపు చేరాలి.

కణాలు లెక్కపెట్టి మిల్లీలీటరుకు 10 లక్షల చొప్పున వేస్తాను. లుకేమియాలో తెల్లకణాలు కుప్పలుగా ఉంటాయి, లెక్క చూడకుండా పోస్తే మీడియం (కణాలు పెరిగే పోషక ద్రవం) పసుపుకు తిరిగి విభజన ఆగిపోతుంది. 20 శాతం సీరం కలిపిన ఆర్‌పీఎంఐ 1640 అనే మీడియం, 37 డిగ్రీలు, 5 శాతం కార్బన్ డయాక్సైడ్. 24 గంటలకు ఒక కల్చర్, 48కి ఇంకొకటి. మైలాయిడ్ జబ్బుల్లో (మజ్జలో లింఫోసైట్లు కాని రక్తకణాల జబ్బుల్లో) కణాలను విభజనకు పురిగొల్పే పీహెచ్‌ఏ వేయను. అది లేపేది టీ లింఫోసైట్లనే తెల్లకణాలను, మనకు కావాల్సినవి జబ్బు కణాలు.

హార్వెస్ట్‌లో, అంటే కల్చర్ నుంచి కణాలు తీసేటప్పుడు, విభజనను మధ్యలో ఆపే కోల్సెమిడ్ ఎక్కువసేపు ఉంటే క్రోమోజోములు కురచబడి, వాటిని గుర్తుపట్టే అడ్డచారలు (బ్యాండ్లు) కలిసిపోతాయి. 0.075 మోలార్ పొటాషియం క్లోరైడ్‌లో కణాలను ఇరవై నిమిషాలు ఉబ్బనిచ్చి, మూడు వంతుల మిథనాల్, ఒక వంతు అసిటిక్ యాసిడ్ అప్పటికప్పుడు కలిపి, ట్యూబు కదుపుతూ చుక్కచుక్కగా వేయాలి. ఒక్కసారిగా పోస్తే ముద్దకడుతుంది, అది మళ్లీ విడదు.

అసలు తిప్పలు ఆ కణాల చుక్కను స్లైడు మీద వేసేటప్పుడు. గదిలో తేమ 50 శాతం దగ్గరుంటే చుక్క ఆరేటప్పుడు అంచున ఇంద్రధనుస్సు రంగులు మెరిసి పోతాయి, అప్పుడు క్రోమోజోములు చక్కగా పరుచుకుంటాయి. నవంబరు వానల్లో చుక్క ఆరదు. కణం పగిలి ఒకటో రెండో క్రోమోజోములు పక్కకు కొట్టుకుపోతాయి. ఏసీ వేసిన పొడిగాలిలో ఇంకో రకం: ఠక్కున ఆరిపోయి అన్నీ ఒకదానిమీదొకటి పడి ఉంటాయి. అప్పుడు వేడినీళ్ల ఆవిరి మీద స్లైడు ఒక్క క్షణం చూపిస్తే చాలు.

ఈ కొట్టుకుపోవడం వల్లే రిపోర్టులో ఆ నియమం: ఒకే క్రోమోజోము ఎక్కువవడమో, క్రోమోజోము ఆకారంలో ఒకే తేడానో రెండు కణాల్లో కనిపిస్తే క్లోన్ (ఒకే జబ్బు కణం నుంచి పుట్టిన గుంపు) అంటాం, పోయిన క్రోమోజోముకు మాత్రం మూడు కావాలి. మామూలుగా 20 మెటాఫేజ్‌లు (విభజన మధ్యలో ఆగి క్రోమోజోములు విడిగా కనిపించే కణాలు) చూస్తాం.

ఏపీఎల్ (ఆలస్యం చేయకూడని ఒక రకం లుకేమియా) అనుమానం ఉన్న శాంపిల్‌ను ఈ వరుసలో నిలబెట్టకూడదు. 15, 17 క్రోమోజోముల మధ్య ముక్కల మార్పిడికి నేరుగా ఫిష్ (మెరిసే రంగుతో ఆ మార్పిడిని చూపించే పరీక్ష) పెట్టాలి. డాక్టర్లు మా రిపోర్టు కోసం ఆగకుండానే ఏటీఆర్ఏ అనే మందు మొదలుపెడతారు, అదే సరైన పద్ధతి. అందుకే ఫారం మీద ఏపీఎల్ అని పెద్దగా రాసి, పార్సిల్ బయలుదేరగానే ఫోన్ కూడా చేయమంటాను.